పిల్లల చికిత్సా గృహాలు: వందేళ్ల నేపథ్యం

కన్నవాళ్ల దగ్గర ఉంచితే ప్రమాదమని అధికారులో కోర్టో తేల్చిన పిల్లల్ని ముందు బంధువుల ఇంటికి, అది కుదరకపోతే ఫోస్టర్ కుటుంబానికి, అంటే తాత్కాలికంగా పెంచే వేరే కుటుంబానికి, పంపాలన్నది ఇప్పుడు చాలా దేశాల పద్ధతి. చాలామంది అక్కడ ఎలాగో కుదురుకుంటారు. కొందరి విషయంలో మాత్రం బండి ముందుకు సాగదు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న పిల్ల, లైంగిక హింసకు గురైన పిల్ల కొత్త ఇంట్లో అద్దాలు పగలగొడుతుంది, రాత్రిళ్లు పారిపోతుంది, చేతులు కోసుకుంటుంది. కొన్నాళ్లకు ఆ ఇంటివాళ్లు ‘ఇక మా వల్ల కాదు’ అంటారు. మరో ఇల్లు, ఆ తర్వాత ఇంకో ఇల్లు. ఇలాంటి పిల్లల కోసం పుట్టినదే థెరప్యూటిక్ రెసిడెన్షియల్ కేర్. వాడుకలో చికిత్సా గృహం అనుకోవచ్చు. కొద్దిమంది పిల్లలు, శిక్షణ ఉన్న స్టాఫ్, ఆ స్టాఫ్‌కు దన్నుగా మానసిక నిపుణులు. ఇదేదో ఈమధ్య కనిపెట్టిన పద్ధతి అనుకుంటారు గానీ, దీని వయసు వందేళ్లు దాటింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో ఆగస్ట్ ఐక్‌హార్న్ అనే టీచర్ ఆస్ట్రియాలోని ఒబర్‌హొల్లబ్రున్‌లో, పాత శరణార్థి శిబిరంలో దారితప్పిన పిల్లలకు ఒక హోమ్ తెరిచాడు. ఆ రోజుల్లో ఇలాంటి చోట్ల బెత్తానిదే రాజ్యం. ఐక్‌హార్న్ అందరికన్నా మొండి కుర్రాళ్లను 12 మందిని ఒక గుంపుగా చేసి, వీలైనంతవరకు బలప్రయోగం చేయొద్దని స్టాఫ్‌కు చెప్పాడు. కుర్రాళ్లు ఊరుకుంటారా? కిటికీలు పగిలాయి, తలుపులు విరిగాయి. చివరికి భోజనాల బల్ల కూడా వదిలేసి తలో మూలా గొంతుక్కూర్చుని తిన్నారు. ఎంత రెచ్చగొట్టినా ఆ పెద్దవాళ్లు చెయ్యెత్తలేదు. కోపం తారస్థాయికి చేరి ఏడుపులుగా మారింది. గురి కుదరడం ఆ తర్వాతే మొదలైంది. 1925లో ఐక్‌హార్న్ ఈ అనుభవాల్ని పుస్తకంగా తెస్తే ముందుమాట రాసింది మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్.

రెండో ప్రపంచ యుద్ధం ఇదే సంగతిని మరోలా బయటపెట్టింది. బాంబుల భయంతో 1939లో బ్రిటన్ నగరాల నుంచి పిల్లల్ని పల్లెలకు తరలించినప్పుడు, ఏ ఇంట్లోనూ ఇమడలేనివాళ్లు కొందరు తేలారు. వాళ్లకోసం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో హాస్టళ్లు పెట్టారు. అక్కడికి క్రమం తప్పకుండా వెళ్లొచ్చిన శిశువైద్యుడు డొనాల్డ్ వినికాట్‌కు ఒక విషయం అర్థమైంది: అప్పుడప్పుడూ వచ్చిపోయే తనకన్నా, రోజూ అన్నం పెట్టి నిద్రపుచ్చే వార్డెన్లే అసలు చికిత్స చేస్తున్నారు. 1948లో అదే ప్రాంతంలో బార్బరా డాకర్-డ్రైస్‌డేల్ ఇలాంటి పిల్లలకోసమే మల్బరీ బుష్ స్కూల్ మొదలుపెట్టింది.

అట్లాంటిక్‌కు అవతల ఫ్రిట్జ్ రెడ్ల్, డేవిడ్ వైన్‌మన్ 1946లో డెట్రాయిట్‌లో పయనీర్ హౌస్ అనే చికిత్సా గృహం తెరిచారు. వియన్నాలో చదువుకున్న రెడ్ల్‌కు ఐక్‌హార్న్ గురుతుల్యుడు. పయనీర్ హౌస్‌లో వాళ్లు పట్టుబట్టి సాధన చేసింది ఒక్కటే: గొడవ ఎక్కడ జరిగితే అక్కడే, అప్పుడే మాట్లాడాలి. మెట్ల దగ్గర ఇద్దరు కొట్టుకున్నారనుకోండి. వచ్చే వారం కౌన్సెలర్ గదిలో దాని గురించి అడిగితే పిల్లాడికి ఏం గుర్తుంటుంది? కొట్టిన చెయ్యి ఇంకా వణుకుతుండగానే పక్కన కూర్చుని అడగాలి. ఇది చేయాల్సింది అప్పుడు డ్యూటీలో ఉన్న మనిషి. అంటే వంట, స్నానం, హోంవర్క్ చూసేవాళ్లకే గట్టి శిక్షణ ఉండాలి. చికిత్సా గృహానికి గుండెకాయ ఇదేనని నా అభిప్రాయం. ఖర్చంతా వచ్చేదీ ఇక్కడే. రెండేళ్లు తిరక్కుండానే, 1948లో, డబ్బుల్లేక పయనీర్ హౌస్ మూతపడింది.

ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది. సొంత మనిషి అనేవాళ్లు లేకుండా సంస్థల్లో పెరగడం పసిపిల్లల్ని ఎలా దెబ్బతీస్తుందో బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో చెప్పాడు. పేరున్న చోట్ల నుంచి కూడా చెడ్డ వార్తలు వచ్చాయి. షికాగోలో చికిత్సా పాఠశాల నడిపి కీర్తి గడించిన బ్రూనో బెటల్‌హైమ్ 1990లో చనిపోయాక, ఆయన తమను కొట్టేవాడని అక్కడ పెరిగినవాళ్లు కొందరు బయటపెట్టారు. ఇంగ్లండ్‌లోని స్టఫర్డ్‌షైర్ హోముల్లో 1983 నుంచి 1989 దాకా ‘పిన్‌డౌన్’ అని ఒకటి నడిచింది. మాట వినని పిల్లల్ని రాత్రి దుస్తుల్లోనే ఉంచి, గదిలో ఒంటరిగా రోజుల తరబడి కూర్చోబెట్టడమే ఆ పద్ధతి. 1991 విచారణ నివేదిక దాన్ని తూర్పారబట్టింది. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో 136 మంది పసివాళ్లలో సగం మందిని లాటరీ పద్ధతిలో ఫోస్టర్ ఇళ్లకు పంపారు. అనాథాశ్రమాల్లోనే ఉన్నవాళ్లకన్నా వాళ్ల ఎదుగుదల మెరుగ్గా సాగింది. పెద్ద సంస్థల్ని క్రమంగా మూసేయాలని 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలూ చెప్పాయి.

అది సరైన తీర్పే. కానీ బుకారెస్ట్ పసివాడు వేరు, ఎన్నో ఇళ్లు మారి వచ్చిన పదిహేనేళ్ల పిల్ల వేరు. ఈ తేడా గుర్తొచ్చాకే పాత ఆలోచన చిన్న రూపంలో తిరిగి వచ్చింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2007లో హర్స్ట్‌బ్రిడ్జ్ ఫార్మ్‌లో దీన్ని పైలట్‌గా పెట్టింది. ఆ తర్వాత అలాంటి గృహాలు మరికొన్ని వచ్చాయి. 2016లో పలు దేశాల నిపుణులు కలిసి ఒక ఉమ్మడి ప్రకటన చేశారు. అందులో మొదటి సూత్రం ‘ముందు హాని చేయొద్దు’. చరిత్ర తెలిసినవాళ్లకు ఆ వరస ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే బోర్డు మీద ‘థెరప్యూటిక్’ అని రాసి, లోపల అదే అరకొర జీతపు షిఫ్ట్ స్టాఫ్‌తో నెట్టుకొచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంది.

అమెరికా 2018లో చేసిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం ఈ విషయాన్ని డబ్బుతో ముడిపెట్టింది. సామూహిక హోములకు కేంద్ర నిధులు రెండు వారాలకే పరిమితం. ఆపైన కావాలంటే, కొన్ని మినహాయింపులు పోగా, ఆ హోమ్ గుర్తింపు పొందిన చికిత్సా గృహమై ఉండాలి. ట్రామాను (మనసుకు తగిలిన గాయాన్ని) దృష్టిలో పెట్టుకున్న చికిత్స, నర్సులు, చేరిన 30 రోజుల్లో పిల్లల అవసరాల మదింపు, 60 రోజుల్లో కోర్టు పరిశీలన తప్పనిసరి. వీటన్నిటికన్నా నాకు విలువైనదిగా కనిపించేది ఇంకో నిబంధన: పిల్లలు గేటు దాటాక కనీసం ఆరు నెలలు ఆ హోమ్ వాళ్లకూ వాళ్ల కుటుంబానికీ అండగా ఉండాలి. పయనీర్ హౌస్ మూతపడినప్పుడు అందులోని కుర్రాళ్లకు అలాంటిదేమీ దొరకలేదు.