నది ఒడ్డున టవర్ కట్టేటప్పుడు

నగరం నడిబొడ్డున నది ఒడ్డునో పార్కు అంచునో స్థలం ఖాళీగా ఉంటే దానికి గిరాకీ ఎక్కువ. ఎదురుగా ఇంకో భవనం లేచి దృశ్యాన్ని మూసేస్తుందన్న టెన్షన్ ఉండదు. అందుకే డిజైన్ అంతా కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్న దాని చుట్టూ తిరుగుతుంది. నీడ ఎటు పడుతుంది, గాలి ఎటు మళ్లుతుంది, వరద వస్తే నీళ్లు ఎటు పోతాయి అన్న ప్రశ్నలు తర్వాతెప్పుడో వస్తాయి. అవే ముందు రావాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే వాటి ఫలితం అనుభవించేది బయట నడిచేవాళ్లు.

నీడ లెక్క సులువు. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే 100 మీటర్ల భవనం నీడ సుమారు 173 మీటర్లు పరుచుకుంటుంది. 15 డిగ్రీలకు దిగితే 370 మీటర్లు దాటుతుంది. చలి ప్రాంతాల్లో శీతాకాలపు ఎండ ఎంతో విలువైనది. శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 1984లో దీనికోసం ఒక నియమమే ఆమోదించారు: 40 అడుగులు దాటిన కొత్త భవనాలు నగర పార్కుల మీద చెప్పుకోదగ్గ నీడ వేయకూడదు. సూర్యోదయమైన గంట తర్వాత నుంచి సూర్యాస్తమయానికి గంట ముందు వరకు ఇది వర్తిస్తుంది. అయితే ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు. సన్నటి టవర్ నీడ పొడవుగా ఉన్నా పచ్చిక మీదుగా త్వరగా జరిగిపోతుంది. వెడల్పాటి భవనం పొట్టిదైనా ఒకేచోట గంటల తరబడి ఎండ రానివ్వదు.

గాలి వ్యవహారం ఇంతకంటే చిక్కు. నేల దగ్గర చెట్లు, ఇళ్లు దాని వేగాన్ని తగ్గిస్తాయి, పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. నది మీద అడ్డేమీ ఉండదు కాబట్టి గాలి పెద్దగా నెమ్మదించకుండానే ఒడ్డుకు చేరుతుంది. చదునైన ఎత్తైన గోడకు తగిలినప్పుడు కొంత పైనుంచి, కొంత పక్కల నుంచి దాటిపోతుంది. మిగిలింది గోడ వెంబడి కిందికి దిగి, పైనున్న వేగాన్ని ఫుట్‌పాత్ దాకా తెచ్చి, భవనం మూలల దగ్గర మరింత ఉరుకుతుంది. అలాంటి చోట ఎంత మంచి బెంచీలు వేసినా ఎవరూ కూర్చోరు. కింది కొన్ని అంతస్తులను వెడల్పుగా కట్టి, టవర్‌ను వాటి మీద వెనక్కి జరిపితే, దిగివచ్చే గాలి మనుషుల మీద కాక ఆ మెట్టు మీద పడుతుంది. మూలలను గుండ్రంగా మలచినా ఉపయోగమే. చిన్న నమూనా చేసి, ఫ్యాన్లతో గాలి వీచేలా చేసే విండ్ టన్నెల్‌లో పెడితే ఇదంతా ముందే కనిపిస్తుంది.

ఇక కంటికి కనిపించనిది భూమిలో ఉంది. నది పక్కన కొంచెం తవ్వితేనే ఊట తగులుతుంది. నీటిమట్టానికి 10 మీటర్ల దిగువన సెల్లార్ కడితే, దాని అడుగును నీరు చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బలంతో పైకి నెడుతుంది. ఖాళీ బిందెను నీళ్లలోకి నొక్కిపట్టడం లాంటిదే ఇది. పైనున్న భవనం బరువు చాలకపోతే సెల్లార్‌ను పైల్స్‌తో, అంటే భూమిలోకి లోతుగా దింపిన స్తంభాలతో, నేలకు బిగించాలి. తవ్వేటప్పుడు ఆ ఊటను నెలల తరబడి తోడేస్తే చుట్టూ జలమట్టం పడిపోతుంది. పక్క పార్కులో పెద్ద చెట్లు ఎండిపోవచ్చు, పాత కట్టడాల కింద నేల కుంగవచ్చు.

నీటితో పోట్లాడకుండా కట్టవచ్చని జర్మనీలో హాంబర్గ్ నగరంలోని హాఫెన్‌సిటీ చూపించింది. ఎల్బే నది పక్కన ఉన్న ఈ పాత రేవు ప్రాంతంలో కొత్త భవనాలు సముద్రమట్టానికి 8-9 మీటర్ల ఎత్తున నిలబడతాయి. నది వెంట నడిచే దారులను మాత్రం కిందనే ఉంచారు. పెద్ద పోటు వచ్చినప్పుడు అవి మునుగుతాయి, తీశాక మళ్లీ జనం నడుస్తారు. వరదకు అడ్డంగా ఎత్తైన గోడ కట్టి ఉంటే నది రోజూ కనిపించకుండా పోయేది.

ముందే ఆలోచించకపోతే ఏమవుతుందో షికాగోలో తెలిసింది. సరస్సు ఒడ్డున ఉన్న మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ కేంద్రం అద్దాలకు 2023 అక్టోబరులో ఒక్క రాత్రిలోనే దాదాపు వెయ్యి వలస పక్షులు తగిలి చనిపోయాయి. అక్కడ అద్దం ఉందని పక్షులకు తెలిసేలా మరుసటి ఏడాది దానికి దగ్గర దగ్గరగా చుక్కలున్న ఫిల్మ్ అతికించారు. మరణాలు బాగా తగ్గాయి. అలాంటి చుక్కలను కొత్త భవనాల అద్దాలకు ఫ్యాక్టరీలోనే వేయించుకోవచ్చు.