మంట తగ్గిస్తే పూరీకి నూనె తగ్గదు: అపోహలు – వాస్తవాలు

వంట నేర్పడం నా వృత్తి. అంతకుముందు టిఫిన్ సెంటరు వంటశాలలో పొద్దుటిపూట పూరీల మూకుడు ముందు నిలబడి పనిచేసినదాన్ని. ఈ రెండు చోట్లా నాకు పదే పదే ఎదురైన మాట ఒకటుంది: "నూనె ఎక్కువ పీల్చకూడదని సన్నటి మంట మీదే వేయిస్తున్నానండీ, అయినా పూరీలు నూనె ఓడుతున్నాయి." ఈ మాట చెప్పేవారు నిర్లక్ష్యంగా వండేవారు కారు. ఇంట్లో ఎవరికో కొలెస్ట్రాల్ ఉందని వైద్యులు హెచ్చరించినవారు, పిల్లల తిండి విషయంలో జాగ్రత్తపడేవారు, కాగే నూనె అంటే భయమున్నవారు. జాగ్రత్తపరులకే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇది. అందుకే మిగతావాటికంటే ముందు దీన్ని తేల్చాలి.

అపోహ: మంట తగ్గిస్తే పూరీ తక్కువ నూనె పీలుస్తుంది.

వాస్తవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పూరీ సరిగ్గా వేగాలంటే నూనె సుమారు 180 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలి. ఆ వేడిలో పడగానే పూరీ పైపొరలు క్షణాల్లో గట్టిపడతాయి, పిండిలోని నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది కాబట్టి, బయటికి పోయే దారి చాలని ఆ ఆవిరి రెండు పొరలనూ విడదీసి పూరీని పొంగిస్తుంది. పొంగిన తరువాత కూడా కొంత ఆవిరి పైపొరలోని సన్నని రంధ్రాల గుండా బుడగలై బయటికి తోసుకువస్తూనే ఉంటుంది. అది వస్తున్నంతసేపూ నూనె లోపలికి చొరబడటం కష్టం. నూనె చాలినంత కాగకపోతే ఇవేవీ సకాలంలో జరగవు. పైపొర గట్టిపడేలోగానే ఆవిరి కొద్దికొద్దిగా జారిపోతుంది, పూరీ చదునుగా ఉండిపోతుంది, రంగు రాదు. రంగు కోసం మనం దాన్ని ఇంకాసేపు నూనెలోనే ఉంచుతాం. నిమిషం లోపే బయటికి రావలసిన పూరీ అలా నూనెలో నానుతుంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. వేయించిన పదార్థం లోపలికి నూనె ఎక్కువగా వెళ్ళేది అది నూనెలో ఉన్నప్పుడు కాదు, బయటికి తీసిన వెంటనే. చల్లారేకొద్దీ లోపలి ఆవిరి మళ్ళీ నీరవుతుంది, లోపల పీడనం తగ్గుతుంది, పైన అంటుకుని ఉన్న నూనెను అది లోపలికి లాగేస్తుంది. అందువల్ల పూరీని తీయగానే చిల్లుల గరిటెలో మూకుడు అంచుకు ఆనించి, నిలువుగా వంచి, రెండు మూడు క్షణాలు వేడి నూనె జారిపోనివ్వాలి. ఒకదాని మీద ఒకటి పళ్ళెంలో పేర్చి, చివర్లో అన్నింటినీ కలిపి కాగితంతో అద్దేవారు ఆ పాటికే ఆలస్యం చేసినట్టు.

నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ భర్తకు గుండె చికిత్స జరిగింది. ఆయనకు పూరీ అంటే ప్రాణం. ఎప్పుడో ఒకసారి ఒకటి రెండు తినవచ్చని వైద్యులు అనుమతిస్తే, ఆవిడ మంటను వీలైనంత తగ్గించి, ఒక్కో పూరీని ఓపికగా అటూ ఇటూ తిప్పుతూ చేసిపెట్టేవారు. నేను వాదించలేదు. ఒకే పిండిలో నుంచి రెండు ఉండలు తీసి, ఒకే మందంగా ఒత్తి, ఒకటి ఆవిడ పద్ధతిలో, ఒకటి బాగా కాగిన నూనెలో వేయించి, రెండింటినీ విడివిడిగా తెల్లకాగితాల మధ్య పెట్టి అదిమాను. మొదటిదాని కింద కాగితం పూరీ అంత గుండ్రంగా తడిసి, వెనకనున్న గట్టు రాయి గీతలు కనిపించేంత పారదర్శకంగా మారింది. రెండోదాని కింద అంచుల వెంట కొన్ని మరకలు మాత్రమే పడ్డాయి. "ఇన్నాళ్ళూ ఆయనకు మంచిదనుకునే చేశానమ్మా" అని ఆవిడ చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయారు. తప్పు ఆవిడది కాదు. మంట తగ్గిస్తే మంచిదని నోటి మాటగా ప్రచారం చేసేవారిది. అయితే బాగా కాగిన నూనెలో వేయించినంత మాత్రాన పూరీ పథ్యం వంటకం అయిపోదు. ఎన్ని తినాలన్నది వైద్యులు చెప్పవలసిన మాట. తినే ఆ ఒకటి రెండైనా అనవసరపు నూనెతో తినకూడదన్నదే నేను చెప్పేది.

వేడిని గుర్తించడానికి థర్మామీటరు అక్కరలేదు. శనగగింజంత పిండి ముద్దను నూనెలో వేయండి. అది అడుగునే కూర్చుని నెమ్మదిగా బుడగలు వదులుతుంటే నూనె ఇంకా కాగాలి. పడీ పడగానే చుట్టూ బుడగలతో పైకి తేలి, వెంటనే ఎరుపెక్కకుండా ఉంటే సరిపోయినట్టు. వేసిన వెంటనే నల్లబడితే మితిమీరినట్టు. ఇక పూరీ వేసినప్పుడు గమనించండి: ముందు మునుగుతుంది, మరుక్షణం తేలుతుంది, అంచు వెంట ఎక్కడో ఒకచోట చిన్న ఉబ్బు మొదలవుతుంది. సరిగ్గా అప్పుడు చిల్లుల గరిటె వెనుక భాగంతో మెల్లగా అదిమితే, లేదా పైన వేడి నూనె చిమ్మితే, పై పొరకు కూడా వేడి తగిలి గట్టిపడుతుంది, ఆ ఉబ్బు పూరీ అంతటా పాకుతుంది. గట్టిగా నొక్కితే పొర చిట్లి నూనె లోపలికి పోతుంది. ఒక పూరీ తీసిన తరువాత నూనె వేడి మళ్ళీ పుంజుకోవడానికి కొన్ని క్షణాలు ఆగాలి.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ మరొకటి: మూకుడులో కొంచెం నూనె పోస్తే పూరీకి కొంచెమే అంటుతుందని. కొంచెం నూనె పూరీ పడగానే చల్లబడుతుంది, పూరీ అడుగుకు ఆనుతుంది, పైన చెప్పిన నష్టమంతా మళ్ళీ జరుగుతుంది. నూనె పొదుపు చేయదలచుకుంటే చిన్న మూకుడు పెట్టుకుని పూరీలు చిన్నవిగా ఒత్తుకోండి. లోతు మాత్రం రెండు అంగుళాలకు తగ్గనివ్వకండి.

కాగిన నూనె అంటే భయపడేవారిని ఎవరూ ఎగతాళి చేయకూడదు; ఆ భయం సహజం, అవసరం కూడా. పూరీని పై నుంచి విసరకుండా, మూకుడు అంచు దగ్గర నూనెకు తాకించి మీకు అవతలి వైపుగా జారవిడిస్తే చిందదు. గరిటె మీద తడి ఉండకూడదు. మంట తగ్గించాలన్నదానికి వ్యతిరేక దిశలో ఉన్న అపోహ, పొగ వచ్చేదాకా నూనె కాగాలన్నది, ప్రమాదకరమైనది. పొగ వస్తోందంటే నూనె చెడిపోవడం మొదలైందని అర్థం. వెంటనే పొయ్యి ఆపేయాలి. ఒకవేళ నూనె అంటుకుంటే దాని మీద నీళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు. పొయ్యి ఆపి, మూకుడును లోహపు మూతతో మూసేసి, పూర్తిగా చల్లారేదాకా కదపకూడదు.

మిగిలిన అపోహలను త్వరగా దాటవచ్చు. పూరీ పొంగడానికి వంటసోడా కావాలనేది నిజం కాదు. పొంగించేది ఆవిరి, సోడా వేస్తే పిండి గుల్లబారి నూనె మరింత పీలుస్తుంది. మైదాతో చేసే భటూరా లెక్క వేరు, దాన్ని చూసి పూరీకి సోడా కలపకూడదు. పిండి మెత్తగా కలిపితే పూరీ మెత్తగా వస్తుందనేది కూడా నిజం కాదు. చపాతీ పిండి కంటే పూరీ పిండి గట్టిగా ఉండాలి: పావుకిలో గోధుమ పిండికి 120 నుంచి 130 మిల్లీలీటర్ల నీళ్ళు మొదలుపెట్టడానికి చాలు, ఆపైన పిండి స్వభావాన్ని బట్టి చెంచా చెంచాగా చేర్చుకోవాలి. ఈ పిండి గంటల తరబడి నానక్కరలేదు. పావుగంట, ఇరవై నిమిషాలు తడిగుడ్డ కింద ఉంటే చాలు. ఒత్తేటప్పుడు పొడి పిండి చల్లకండి, అది మూకుడు అడుగుకు చేరి మాడి నూనెను నల్లబరుస్తుంది. పీటకు, అప్పడాల కర్రకు నూనె రాస్తే సరిపోతుంది. గుప్పెడు బొంబాయి రవ్వ, చిటికెడు పంచదార మాత్రం నిజంగానే పనిచేస్తాయి. మొదటిది కరకర కోసం, రెండోది రంగు కోసం.

వీటన్నిటిలో నాకు బాధ కలిగించేది హస్తవాసి కబురు. ఫలానా వారి చేతికే పూరీ పొంగుతుందని, కొత్త కోడలి చేతికి పొంగదని నలుగురిలో అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట పడినవారు పొయ్యి దగ్గర చేతులు వణుకుతూ నిలబడటం నేను చూశాను. పొంగని పూరీకి కారణం హస్తవాసి కాదు. ఒత్తడంలో ఒకచోట పలుచన, ఒకచోట మందం వచ్చి ఉంటుంది, లేదా ఎక్కడో మడత గానీ చిరుగు గానీ పడి ఆవిరి అక్కడి నుంచి పోయి ఉంటుంది, లేదా నూనె కాగి ఉండదు. ఉండను పగుళ్ళు లేకుండా నున్నగా చేసి, మధ్య నుంచి అంచులకు సమానంగా ఒత్తితే ఎవరి చేతికైనా పొంగుతుంది.

కూర విషయానికి వస్తే, మన హోటళ్ళలో పూరీకి ఇచ్చే పలుచని పసుపు రంగు కూర గురించే ఎక్కువమంది అడుగుతారు. అందులో రహస్య మసాలా ఏమీ లేదు. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, కరివేపాకు తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం మగ్గించి, పసుపు వేసి, ఉడికించి చిదిమిన బంగాళాదుంపలు కలిపి, చిక్కదనానికి శనగపిండి నీళ్ళు పోస్తారు, అంతే. శనగపిండిని పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. చన్నీళ్ళలో ముందే జారుగా కలిపి పోసి, పచ్చివాసన పోయేదాకా ఉడికించాలి. చల్లారితే బిగుస్తుంది కాబట్టి దించేటప్పుడు కొంచెం పలుచగానే ఉండాలి. దుంపలను తొక్కతోనే చన్నీళ్ళలో వేసి ఉడికించండి. మరిగే నీళ్ళలో వేస్తే పైన చితికి లోపల గట్టిగా మిగులుతాయి. టమాటా గానీ నిమ్మరసం గానీ దుంప ఉడికాకే చేరాలి, ఎందుకంటే పులుపు దుంపను మెత్తబడనివ్వదు.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుపడతాను. పచ్చబడిన దుంప ఉడికిస్తే మంచిదైపోతుందనుకోవడం అపోహ. వెలుతురు తగిలి పచ్చబడిన చోట, మొలకల దగ్గర సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, అది మామూలుగా ఉడికిస్తే పోదు. కొద్దిపాటి పచ్చదనమైతే లోతుగా కోసి తీసేయండి. ఎక్కువగా ఉన్నా, చేదు తగిలినా దుంపను పారేయండి, పిల్లలకు అసలే పెట్టకండి.

వేయించగా మిగిలిన నూనె వడకడితే కొత్తదవుతుందని అనుకునేవారూ ఉన్నారు. వడకట్టడం వల్ల పోయేది నలక మాత్రమే. పదే పదే కాగడం వల్ల పుట్టే సమ్మేళనాలు నూనెలోనే ఉంటాయి. వాటిలో పోలార్ సమ్మేళనాలు (నూనె పాడయ్యేకొద్దీ పెరిగేవి) మొత్తం 25 శాతం దాటిన నూనెను వాడకూడదన్న నియమం 2018 జూలై 1 నుంచి దేశమంతటా అమలులో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా, ఒకసారి వేయించిన నూనెను వడకట్టి కూరల్లో వాడుకోవచ్చని, ఒకటి రెండు రోజుల్లో ముగించాలని, మళ్ళీ వేయించడానికి మాత్రం వాడవద్దని చెప్తున్నాయి. కాబట్టి పూరీలు చేసే రోజున మూకుడులో తాజా నూనె పోయండి. మిగిలినదాన్ని మర్నాటి తాలింపులకు వాడుకోండి.