ఎర్రగానే ఉండాది కదా సిస్టరమ్మా!

"బిడ్డ ఎర్రగానే ఉండాది, గట్టిగా ఏడ్చినాది, పాలు తాగుతాండాది. ఇంగ టెస్టు ఏంటికి?"

పురుళ్ళ వార్డులో వారానికి రెండు మూడుసార్లు నాకీ మాట తప్పదు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలను పట్టడానికి, ఇంటికి పంపే ముందు బిడ్డ చేతికీ కాలికీ పట్టీ చుట్టి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరీక్ష గురించి వాళ్ళు అడిగేది. నేను డాక్టర్ని కాను, స్టాఫ్ నర్సుని. కర్నూలు జిల్లాలో పదిహేడేళ్ళుగా లేబర్ రూములు, ఎస్‌ఎన్‌సీయూల (జబ్బుపడ్డ పసిబిడ్డల వార్డుల) మధ్యే నా బతుకు. మొన్న ఒక పెద్దాయన "మంచిగుండే బిడ్డకు మిషన్లు తగిలించి జబ్బు అంటగడతారా" అని అరిచి పోయాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. మాట పెళుసుగా వస్తే సర్దుకోండి.

అపోహ: చూడ్డానికి బాగుంటే గుండె కూడా బాగున్నట్టే

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకు పనుండదు. రక్తాన్ని వాటి వైపు ఎక్కువగా పోనీకుండా పక్కదారి పట్టించే చిన్న నాళం ఒకటి ఉంటుంది, డక్టస్ అంటాం. పుట్టాక రెండు మూడు రోజుల్లో అది మూసుకుపోతుంది. మామూలు బిడ్డకు దాంతో నష్టమేమీ లేదు. కానీ కొందరికి ఊపిరితిత్తులకు పోయే కవాటం పుట్టుకతోనే మూసుకుని ఉంటుంది. కొందరికి గుండె నుంచి వచ్చే రెండు పెద్ద రక్తనాళాలూ తారుమారై ఉంటాయి. కొందరికి గుండె ఎడమ భాగమే ఎదగదు. వీళ్ళ ప్రాణం ఆ చిన్న నాళాన్ని పట్టుకుని ఉంటుంది. అది తెరుచుకుని ఉన్నన్నాళ్ళూ ఏడుస్తారు, పాలు తాగుతారు, అందరు బిడ్డల్లాగే ఉంటారు. అది మూసుకునే వేళకు తల్లీబిడ్డలు ఊరు చేరి ఉంటారు.

మరి రంగు చూసి చెప్పలేమా? చెప్పలేం. రక్తంలో 95 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 86 ఉన్నా బిడ్డ ఎర్రగానే కనబడుతుంది. సుమారు 80 దగ్గరికి పడితే తప్ప కంటికి నీలం ఆనదు. చామనఛాయ, నలుపు ఒంటి బిడ్డల్లో అప్పుడూ కష్టమే, నాలుక చూడాలి. (మొదటి రోజు అరచేతులూ అరికాళ్ళూ కాస్త నీలంగా ఉంటే భయపడకండి. నాలుక, పెదాలు ఎర్రగా ఉంటే అది మామూలే.) స్టెతస్కోపుతో వింటే గుండెలో చప్పుడు తెలుస్తుందంటారు. ప్రాణం తీసే లోపాల్లో కొన్నిటికి ఆ చప్పుడే ఉండదు.

పన్నెండేళ్ళ కిందట నేనొక చిన్న ఆసుపత్రిలో ఉన్నాను. ఆదివారం రాత్రి కాన్పు, మగబిడ్డ, రెండు కిలోల తొమ్మిది వందలు. సోమవారం మధ్యాహ్నానికే ఆటో వచ్చింది. "రేపు మంగళవారం, పసిబిడ్డతో గడప దాటకూడదు, ఈ పొద్దే పోతాం" అంది అవ్వ. డాక్టరు ఇంకో రోజు ఉండమన్నారు. వినలేదు. మా ఇష్టంతోనే పోతున్నామని కాగితం రాయించి సంతకం తీసుకున్నది నేనే. ఆటో దాకా వెళ్ళి బిడ్డ చెవులకు గుడ్డ కట్టి మరీ పంపాను.

శుక్రవారం తెల్లవారుజామున తిరిగొచ్చారు. బిడ్డ బూడిద రంగులో ఉన్నాడు. రెండు రోజులుగా పాలు పట్టడం లేదంట. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, ఊళ్ళో ఒకాయన నెమ్ము అని మందు పోశాడు. ఆక్సిజన్ 58. మేమూ మొదట ఇన్ఫెక్షనే అనుకున్నాం. కర్నూల్లో ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే బయటపడింది, ఊపిరితిత్తుల కవాటం పుట్టుకతోనే మూసుకుని ఉందని. హైదరాబాదుకు బయలుదేరారు. జడ్చర్ల దాకా కూడా పోలేదు బిడ్డ.

నన్ను ఇప్పటికీ తినేది ఆ సంతకం కాదు. మా వార్డులో రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమీటరు ఉంది. ఆపరేషన్ అయిన తల్లుల వేలికి పెట్టేవాళ్ళం. దాంతోపాటు వచ్చిన పసిబిడ్డ ప్రోబు బీరువాలో, కవరు కూడా చించకుండా ఉంది. సోమవారం ఆ బిడ్డ కాలికి అది చుట్టి ఉంటే అంకె తక్కువ చూపించి ఉండేది. డక్టస్ మూసుకోకుండా ఆపే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఉంది. ముందే తెలిస్తే ఆ మందు ఎక్కిస్తూ బిడ్డను ఆపరేషన్ చేసే చోటికి చేర్చవచ్చు.

ఇక ఆ పరీక్ష సంగతి. సూది లేదు, రక్తం తీయం. కుడిచేతికి ఒకసారి, ఏదో ఒక కాలికి ఒకసారి మెత్తటి పట్టీలాంటి ప్రోబు చుట్టి చూస్తాం. కుడిచేతికి పోయే రక్తం డక్టస్ కలవకముందే విడిపోతుంది, కాలికి పోయేది కలిశాక పోతుంది, అందుకే రెండు చోట్ల. రెండూ 95 లేదా పైన ఉండి, తేడా 3 మించకపోతే పాస్. ఏ ఒక్కటి 90 కన్నా తగ్గినా వెంటనే డాక్టరుకు చెప్తాం. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్ళీ చూస్తాం. బిడ్డ ఏడుస్తున్నా కాళ్ళు చల్లగా ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది కాబట్టి తల్లి ఒళ్ళో వెచ్చగా పెట్టుకుని చూడడం మేలు.

ఈ పరీక్ష బిడ్డ పుట్టి 24 గంటలు నిండాకే చేస్తాం. ఎందుకంటారా? తొందరపడితే లేని జబ్బు ఉన్నట్టు అనుమానం వస్తుంది. 4 లక్షల పైచిలుకు బిడ్డల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ 2018లో ఒకచోట చేర్చి చూశారు. మొదటి రోజే పరీక్షిస్తే ఇలాంటి ఉత్తుత్తి అనుమానం వెయ్యికి నలుగురిలో వచ్చింది, 24 గంటల తర్వాత అయితే పదివేలకు ఆరుగురిలో. అయినా సరే, ఎంత చెప్పినా ఆగకుండా పోయేవాళ్ళుంటే, పోయే ముందైనా చూడమని అడగండి. అసలు చూడకపోవడం కంటే అది నయం.

ఆ ఉత్తుత్తి అనుమానాలూ అన్నీ ఉత్తివి కావు. నిరుడు ఒక ఆడబిడ్డకు కాలిలో 91, మళ్ళీ చూస్తే 90. ఎకోలో గుండె శుభ్రంగా ఉంది. "చూసినావా, ఉత్తపుణ్యానికి భయపెట్టినావు" అని వాళ్ళ మేనత్త నన్ను అందరి ముందూ కడిగేసింది. సాయంత్రానికి రక్తపరీక్ష వచ్చింది, ఇన్ఫెక్షన్. ఆక్సిజన్ పడిపోవడానికి అదే కారణం. మందులు పడ్డాయి, పది రోజులకు ఇంటికి పోయింది. మేనత్త మాత్రం నాతో మాట్లాడలేదు.

అపోహ: పాస్ అయితే గుండెజబ్బు లేనట్టే

ఇది చదువుకున్నవాళ్ళ అపోహ. వెయ్యి మంది బిడ్డల్లో ఎనిమిది తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. అందులో సుమారు నాలుగో వంతు తొలి రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చేవి. ఈ పరీక్ష వెతికేది వాటినే, వాటిలోనూ నాలుగింట మూడు దొరుకుతాయి. బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం) ఒకచోట నొక్కుకుపోయిన బిడ్డలు తరచూ తప్పించుకుంటారు. గుండెలో మామూలు రంధ్రం దీనికి దొరకదు, వారాల తర్వాత బయటపడుతుంది.

కాబట్టి పాస్ అయినా ఇంట్లో కళ్ళు తెరుచుకుని ఉండండి. పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆగి ఆయాసపడుతుంటే, నుదుటి మీద చెమట పడుతుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, నిమిషానికి 60 సార్లు మించి ఊపిరి తీస్తుంటే, కాళ్ళు చల్లబడి మగతగా ఉంటే 108కి ఫోన్ చేయండి, తాయెత్తు తర్వాత కట్టుకోవచ్చు. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వస్తే బిడ్డను పాలు తాగేటప్పుడు చూపించండి. నిద్రపోయే బిడ్డను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

మిగతావి గబగబా

కడుపులో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ బాగుందన్నారు? మంచిదే. కానీ టిఫాలో దొరకని గుండె లోపాలు చాలా ఉన్నాయి. మేనరికం కాదు కాబట్టి మాకు రాదా? మేనరికంలో ముప్పు కొంత పెరుగుతుంది నిజమే, మేనరికం లేని ఇళ్ళలోనూ పుడుతూనే ఉన్నారు. గ్రహణం నాడు కదిలిందని కోడలిని ఆడిపోసుకునేవాళ్ళకు నేను జవాబు చెప్పను. కరోనాలో కొన్న వేలి క్లిప్పు బిడ్డకు పెట్టొచ్చా? వద్దు, అది పెద్దవాళ్ళ వేలికి చేసింది.

"జబ్బు తెలిసినా లక్షలు పెట్టే తాహతు మాకు లేదు, తెలియకపోవడమే మేలు" అనే మాట వింటే మాత్రం కోపం రాదు, దిగులేస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదటగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, పిల్లల గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచీ గుండె ఆపరేషన్లు ఉచితంగానే చేస్తోంది. తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లలకే ప్రత్యేకంగా గుండె ఆసుపత్రి తెరిచింది. ఎక్కడికి పోవాలో ఆసుపత్రిలో ఈ పథకం చూసే ఆరోగ్యమిత్రను అడగండి, పిల్లల లోపాలు చూసే జిల్లా కేంద్రం డీఈఐసీలో అడగండి.

అపోహ: తప్పనిసరి కాదంటే అవసరం లేదనే కదా

ఈ ప్రశ్న అడిగింది ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పనిచేసే నా స్నేహితురాలే. అమెరికాలో 2011లో ఈ పరీక్షను పుట్టిన ప్రతి బిడ్డకూ చేయాల్సినవాటి జాబితాలో చేర్చారు, 2018కల్లా అన్ని రాష్ట్రాలూ పాటించాయి. తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో ఈ గుండెజబ్బులతో పోయే పసిబిడ్డల చావులు 33 శాతం తగ్గాయని 2017లో తేలింది. మన దగ్గర 2013లో వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం) జాబితాలో పుట్టుకతో వచ్చే గుండెజబ్బులు ఉన్నాయి. కేరళ తన పసిబిడ్డల పరీక్షల్లో ఆక్సిమీటరునూ కలుపుకుంది. కానీ ఇంటికి పంపే ముందు ప్రతి బిడ్డకూ ఆక్సిజన్ కొలిచి తీరాలనే చట్టం దేశమంతటికీ లేదు.

ఇంగ్లండు వాళ్ళు కూడా వద్దనుకున్నారు కదా అని ఆమె వాదించింది. నిజమే, 2019లో అక్కడి నిపుణుల కమిటీ జాతీయ కార్యక్రమంలో చేర్చవద్దంది. బాగున్న బిడ్డలకు అనవసరపు పరీక్షలు పెరుగుతాయని వాళ్ళ బెంగ. వాళ్ళకు మిడ్‌వైఫ్ ఇంటికొచ్చి చూస్తుంది. మనకు కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైనే, అనంతపురం నుంచి బెంగళూరూ అంతే, కడప నుంచి తిరుపతి 140. ఆపరేషన్ ఎంత దూరంలో ఉంటే జబ్బు అంత ముందు తెలియాలి. లండన్ లెక్క ఆదోనికి పనికిరాదు.

మిషన్లు లేవని అనుకోవద్దు, చాలాచోట్ల ఉన్నాయి. కేసు షీట్లో రాయడానికి గడి లేదు, అంతే. గడి లేని పని రాత్రి డ్యూటీలో ఎవరికీ గుర్తుండదు. అందుకని నా సొంత డబ్బుతో కర్నూల్లో ఒక రబ్బరు స్టాంపు చేయించాను: కుడిచెయ్యి, కాలు, పుట్టి ఎన్ని గంటలు, సంతకం. డిశ్చార్జి కార్డు మీద గుద్ది అంకెలు రాస్తాను. నేను సెలవులో ఉంటే స్టాంపు సొరుగులోనే ఉండిపోతుందని తెలుసు, అందుకే ఆ సొరుగుకు తాళం వేయడం మానేశాను.

పోయిన వారం పక్కపక్క మంచాల వాళ్ళు ఒకేసారి సర్దుకుంటున్నారు. ఒక అవ్వ తన కార్డూ పక్కామె కార్డూ తిప్పి చూసి నా దగ్గరికొచ్చింది. "వాళ్ళ బిడ్డకు ఊదా ముద్ర వేసినావు, మా బిడ్డకు ఏంటికి వేయలేదు?" ఈ అవ్వ వాళ్ళ బిడ్డకు ఇంకా పంతొమ్మిది గంటలే నిండాయి. రేపు వేస్తానన్నాను. ఆటోను వెనక్కి పంపడానికి కొడుకుని తిట్టుకుంటూ బయటికి పోయింది.