రోటరీ ఇంజన్ కూలింగ్: కౌలింగ్ కొయ్యకండి, ముందు ప్రెషర్ కొలవండి

అపోహ: విమానంలో పెట్టిన రోటరీ ఇంజన్ వేడెక్కుతోందంటే గాలి చాలట్లేదని అర్థం, కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు) ముందువైపు రంధ్రం పెద్దది చెయ్యాలి.

వాస్తవం: విమానాలు సొంతంగా కట్టుకునేవాళ్ల గ్రూపుల్లో ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ, దీన్ని నమ్మి పాడైన కౌలింగులు ఎన్నో. ఫైబర్‌ని అరగంటలో కోసేయొచ్చు, మళ్లీ పూడ్చాలంటే వారం. రేడియేటర్‌లోంచి గాలిని తోసేది కోర్‌కి (సన్నగొట్టాలు, రేకులు ఉండే దాని అసలు భాగానికి) ముందూ వెనకా ఉన్న ప్రెషర్ తేడా. వెనక గాలికి దారి లేకపోతే ముందు ఎంత తెరిచినా లోపలికి దూరదు, కౌలింగ్ పక్కల నుంచి జారిపోయి డ్రాగ్ (విమానాన్ని వెనక్కిలాగే గాలి నిరోధం) పెంచుతుంది.

మన ఎండలో లెక్క చూడండి. కూలెంట్ 90 డిగ్రీలుంటే 15 డిగ్రీల గాలితో తేడా 75. మే నెల 42 డిగ్రీల్లో 48 మాత్రమే. మూడో వంతు అక్కడే పోయింది. పైగా హైదరాబాద్ ఎత్తులో, ఆ వేడిలో గాలి ఘనపు మీటరుకు 1.05 కిలోలే. 80 నాట్లతో క్లైంబ్ చేస్తుంటే (పైకెక్కుతుంటే) ఎదురుగాలి ప్రెషర్ మొత్తం కలిపి నీటిమట్టాన్ని సుమారు 90 మిల్లీమీటర్లు లేపేంత. 150 నాట్లకి అది మూడున్నర రెట్లు. క్రూయిజ్‌లో (ఒకే ఎత్తులో సాగుతున్నప్పుడు) చల్లగా ఉన్న ఇంజన్ క్లైంబ్‌లో ఉడకడం అందుకే.

ఆ 90లో కోర్‌కి ఎంత అందుతోందో మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపుతోనే తెలుస్తుంది. పైపుని యూ ఆకారంలో వంచి, రంగునీళ్లు సగం పోసి, స్కేలు పక్కన కాక్‌పిట్‌లో బిగించండి. రెండు కొసల నుంచీ సన్నగొట్టాలు, ఒకటి కోర్ ముందుకి, ఒకటి వెనక్కి. గొట్టాల చివర మూసేసి, పక్కన 1 మిల్లీమీటరు రంధ్రాలు నాలుగైదు పెట్టండి. చివర తెరిచి ఉంటే గాలి నేరుగా కొట్టి రీడింగ్ (రెండు వైపులా నీటిమట్టాల తేడా) తప్పుతుంది. రీడింగ్ ఫోన్ వీడియోలో తీసుకోండి, పైలట్ కళ్లు బయటే ఉండాలి. తర్వాత ఒక్కో గొట్టాన్నీ విడిగా కాక్‌పిట్ గాలితో పోల్చండి. కచ్చితం కాదు గానీ తప్పు ఎటో తెలుస్తుంది: వెనక ప్రెషర్ ఎక్కువుంటే గాలి బయటికిపోయే దారి పెంచాలి, ముందు తక్కువుంటే డక్ట్ (గాలిని కోర్‌కి తెచ్చే గొట్టం), కోర్ చుట్టూ సందులు చూడాలి.

సందు చిన్నదని వదిలెయ్యకండి. 40 బై 25 సెంటీమీటర్ల కోర్ చుట్టూ 5 మిల్లీమీటర్ల సందంటే 65 చదరపు సెంటీమీటర్లు. అడ్డు లేని దారి కాబట్టి దాని వాటాకి మించి గాలి అందులోంచే పోతుంది. సిలికాన్ షీటు పట్టీలు, అంచు ప్రెషర్ ఎక్కువున్న వైపు వంగేలా బిగిస్తే గాలే వాటిని నొక్కి మూస్తుంది. మామూలు ఫోమ్ టేపు ఎగ్జాస్ట్ పక్కన నిలవదు.

అపోహ: ఆయిల్ కూలర్ చిన్నదైనా చాలు. వాస్తవం: 13బిలో (మాజ్డా రోటరీ ఇంజన్) లోపల తిరిగే రోటర్లని చల్లబరిచేది ఆయిలే, తీసెయ్యాల్సిన వేడిలో సుమారు మూడో వంతు దానిదే. రేడియేటర్ వెనక పెట్టారా, వేడిగాలితో చల్లార్చుతున్నట్టే.

అపోహ: థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక తెరుచుకునే వాల్వు) పీకేస్తే చల్లబడుతుంది. వాస్తవం: బైపాస్ (రేడియేటర్‌కి వెళ్లని పక్కదారి) మూయకుండా పీకితే కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగొస్తుంది.

అపోహ: కూలెంట్ 100 డిగ్రీలు దాటితే మరిగినట్టే. వాస్తవం: భయపడకండి. నీళ్లలో సగానికి సగం గ్లైకాల్, 15 పీఎస్‌ఐ ప్రెషర్ ఆపే రేడియేటర్ మూత ఉంటే మరిగేది 129 డిగ్రీల దగ్గర. ముక్కు దించి, స్పీడు పెంచి, పవర్ తగ్గించండి. అసలు భయపడాల్సింది టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి పడిపోయినప్పుడు: కూలెంట్ కారిపోయి సెన్సర్ ఆవిరిలో ఉండొచ్చు. టెంపరేచర్ గేజ్ పక్కనే కూలెంట్ ప్రెషర్ గేజ్ కూడా పెట్టుకోండి.