పాత రికార్డులు అమ్మబోతున్నారా? కౌంటర్ ఇవతలి నుంచి నాలుగు మాటలు

పాత పాటల రికార్డులు, అంటే గ్రామఫోన్ ప్లేట్లు, కొనడం, అమ్మడం నా పని. పెట్టె కౌంటర్ మీద పెట్టగానే చాలామంది నోట ముందు వచ్చే మాట, "ఇవి మా తాతగారి నాటివండీ!"

అపోహ: ఎంత పాతదైతే అంత ధర.

వయసుకు మేం డబ్బివ్వం. ఎల్పీలు, అంటే ఎక్కువసేపు మోగే వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) రికార్డులు, 1948లో వచ్చాయి. అంతకుముందు నుంచీ ఉన్న 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు తాతగారి నాటివే, కానీ వాటిలో చాలా వరకు తిరిగిచ్చేస్తుంటాను. ఒకప్పుడు ఇంటింటా మోగిన పాట ఇప్పటికీ ఇంటింటా అటక మీద ఉంటుంది, ఇక కొనేదెవరు? ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోక, కొద్ది కాపీలతో ఆగిపోయిన రికార్డు కోసమే ఇవాళ వెతుకులాట. మొదటి ప్రెస్సింగో (తొలిసారి అచ్చు వేసిందో), తర్వాత మళ్లీ వేసిందో కూడా చూస్తాం. చివరి పాటకీ మధ్య లేబుల్‌కీ నడుమ ఖాళీ జాగాలో చెక్కిన నంబరు ఆ గుట్టు విప్పుతుంది.

అపోహ: తళతళలాడేలా తుడిచి తెస్తే ఎక్కువ ఇస్తారు.

దయచేసి తుడవకండి. ఒకాయన పెట్టెడు 78లను దూది, స్పిరిట్‌తో ఓపిగ్గా తుడిచి తెచ్చారు. "ఎంత మురికి వచ్చిందో చూడండి" అంటూ నల్లబడ్డ దూది కూడా చూపించారు. అది మురికి కాదు, ప్లేటే. ఆ కాలపు ప్లేట్లలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. చెక్క సామానుకు పాలిష్ వేసేవాళ్లు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే కదా! ఆయనకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. వినైల్ రికార్డులనూ పొడిగుడ్డతో, చొక్కా అంచుతో రుద్దొద్దు. దుమ్ములోని నలుసులే గీతలు పెడతాయి.

అపోహ: మా ప్లేయర్ మీద బాగానే మోగుతోంది, ఇంకేం?

నేను రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పుతాను. గీత కనిపిస్తే గోరు ఆనిస్తాను. గోటికి తగిలితే ముల్లుకీ తగులుతుందని లెక్క. బరువైన ముల్లు కింద ఏళ్ల తరబడి తిరిగినవి గీతలు లేకపోయినా నిగనిగ పోయి బూడిద రంగుకు తిరుగుతాయి. మా గ్రేడింగ్‌లో పైనుంచి కిందికి మింట్ (కొత్తదానిలా ఉన్నది), నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, ఆ తర్వాతే గుడ్. అంటే 'గుడ్' అని రాశామంటే పాట గెంతకుండా సాగుతుంది గానీ, చరచర వినక తప్పదని అర్థం.

అపోహ: నెట్‌లో అంత రేటుంటే షాపువాడు సగం కూడా ఇవ్వడు. ఇది మోసం.

నెట్‌లో మీరు చూసింది అడిగిన ధర. అమ్ముడైన ధర వేరు. రికార్డులు కొని అమ్మే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో గతంలో ఎంతకు పోయిందో కనిపిస్తుంది, అది చూసుకుని రండి. అందులోంచి మా అద్దె, శుభ్రం చేసే ఖర్చు, ఏడాదైనా కదలకుండా అలమరలో కూర్చునే వాటి నష్టం తీసేయాలి. డబ్బుకు బదులు షాపులో మరో రికార్డు తీసుకుంటానంటే మామూలుగా ఇంకాస్త ఎక్కువ కడతాం. ఒకటి రెండు అరుదైనవే ఉంటే మీరే నెట్‌లో అమ్ముకోండి, నాకేం కోపం లేదు. పెట్టెలు పెట్టెలు ఉంటే మాత్రం షాపే సుఖం. అయితే అట్టలు తిప్పి చూడకుండానే మొత్తం గుత్తగా కొంటాననే వాడితో జాగ్రత్త. మంచివాటికి విడిగా ధర చెప్పమనండి.

అపోహ: అట్ట చిరిగినా లోపల రికార్డు బాగుంటే చాలు.

చాలదు. కొనేవాడు ముందు చూసేది అట్టనే. లోపలి పాటల కాగితం, పోస్టరు ఉంటే అవీ తీసుకురండి. స్టిక్కర్లు పీకొద్దు, టేపు అంటించొద్దు. దారిలో రికార్డులను నిలబెట్టి పెట్టండి, ఎండలో కారులో వదిలేస్తే వంగిపోతాయి. బయల్దేరే ముందు ప్రతి అట్టలోనూ దాని రికార్డే ఉందో లేదో చూడండి. ఏనాటి విందులోనో చేతులు మారి, ఒకదాని అట్టలో మరొకటి దూరిన పెట్టెలు నాకు నెలకు ఒకటైనా తగులుతాయి.