ముఖాలు మరిచిపోయినా ఇల్లు దొరుకుతుంది: పాత ఫొటోలపై అపోహలు, వాస్తవాలు

విశాఖ వన్‌టౌన్‌లో పాత ఫొటోలను స్కాన్ చేసి, బాగుచేసి, వాటి ఆధారంగా కుటుంబాల చరిత్ర వెతికిపెట్టడం నా పని. వచ్చినవాళ్లు సంచిలోంచి ఫొటో తీయగానే వేలు పెట్టి చూపించేది ఒక ముఖాన్ని. "ఈయన మా ముత్తాతగారని అంటారు, నిజమో కాదో చెప్పగలరా?" అని అడుగుతారు. చెప్పలేను. ఆయనను చూసినవాళ్లు ఒక్కరూ మిగలనప్పుడు ఆ ముఖం గురించి ఎవరూ చెప్పలేరు. నేను ఆయన వెనకాల ఉన్న ఇంటిని చూస్తాను. ఇంటికి హద్దులుంటాయి, హద్దులకు కాగితం ఉంటుంది, ఆ కాగితంలో పేర్లుంటాయి. నాకు ఎదురయ్యే అపోహల్లో చాలావరకు ఈ దారిని మొదట్లోనే మూసేసేవి.

అపోహ: ఫొటో వెనక ఏమీ రాసి లేదు కాబట్టి దానితో ఏమీ తేలదు.

రాసి ఉంటే మంచిదే. లేకపోతే ముందువైపే చదవాలి. మొదట కప్పు చూడండి. కుమ్మరి చేసిన గూన పెంకా, ఫ్యాక్టరీలో అచ్చు వేసిన మంగుళూరు పెంకా? బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. ఆ రకం పెంకు కనిపిస్తే ఆ కప్పు అంతకుముందుది కాదు. తర్వాత చూరు కింద కరెంటు తీగ ఉందా, గుమ్మం పక్కన రేకు మీద డోర్ నంబరు ఉందా, వసారా గోడకు క్యాలెండర్ వేలాడుతోందా చూడండి. ఎక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేస్తే, కంటికి మచ్చలా ఉన్న క్యాలెండర్‌లో ఒక్కోసారి నెల కూడా చదవవచ్చు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఫొటోలో కుడివైపు పక్కింటి గోడ, ఎడమవైపు సందు, వెనక నుయ్యి కనిపించాయనుకోండి. పాత దస్తావేజులో "తూర్పు: ఫలానావారి పెరటి గోడ, దక్షిణం: రాజవీధి" అని నాలుగు హద్దులూ రాస్తారు. ఉమ్మడి గోడ, నూతి నీళ్లపై హక్కు, నడిచే దారి కూడా చాలా వాటిలో ఉంటాయి. అన్నదమ్ముల భాగపంపకాల దస్తావేజు దొరికితే ఇంకా మంచిది. వసారా ఎవరికి, వంటిల్లు ఎవరికి, పెరట్లో కొబ్బరిచెట్లు ఎవరికి అని గది గదికీ రాసిన కాగితాలు నేను చూశాను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పేర్ల సూచిక, ఆస్తుల సూచిక విడివిడిగా ఉంటాయి. ముత్తాత పేరు సరిగ్గా తెలియని కుటుంబానికి ఆస్తుల సూచికే దిక్కు. వీధి పేరు పట్టుకుని వెళితే మనిషి పేరు బయటికి వస్తుంది.

ఫొటోకూ హద్దులకూ పొత్తు కుదరాలంటే ఇల్లు ఏ ముఖమో తెలియాలి. దానికి నీడలు చూడండి. విశాఖలో నడి మధ్యాహ్నం సూర్యుడు ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణానికి వాలి ఉంటాడు. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మాత్రమే ఉత్తరానికి జరుగుతాడు. వీధివైపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ నిండుగా ఉంటే అది చాలావరకు దక్షిణముఖం ఇల్లు.

అపోహ: ఫొటోలో ఎటు కనిపిస్తే ఇల్లు అటే ఉంటుంది.

నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేస్తే ఇల్లంతా అద్దంలో ప్రతిబింబంలా వస్తుంది. ఎడమవైపు సందు కుడివైపుకు వెళుతుంది, హద్దులు ఒక్కటీ కలవవు. "ఇది మా ఇల్లు కాదేమో" అని ఫొటోను పక్కన పెట్టేసినవాళ్లున్నారు. ముందుగా అక్షరాలు వెతకండి. అవి లేకపోతే మగవాళ్ల చొక్కా బొత్తాల పట్టీ, జంధ్యం ఏ భుజం మీద ఉందో చూడండి. ఆడవాళ్ల పైట కూడా ఒక గుర్తే. కానీ కొన్ని కుటుంబాల్లో కుడిపైట ఆచారం ఉంది, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి.

అపోహ: గోధుమ రంగు తిరిగిందంటే నూరేళ్ల నాటిది.

కాదు. స్టూడియోలో కావాలని ఆ రంగు తెప్పించేవారు. సరిగ్గా కడగని ప్రింటు ఇరవై ఏళ్లకే అలా మారవచ్చు. రంగు కంటే కాగితం నమ్మదగిన సాక్షి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం 1960ల చివరి తర్వాతే వాడుకలోకి వచ్చింది. చదరంగా ఉన్న చిన్న నలుపు తెలుపు ప్రింటు అయితే ఆగ్ఫా క్లిక్ 3 లాంటి కెమెరాతో ఇంటివాళ్లే తీసుకున్నది కావచ్చు.

అపోహ: గోడ మీదో ఫొటో వెనకో సంవత్సరం ఉంటే ఇక సందేహం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ముఖద్వారం పైన సున్నంలో చెక్కిన సంవత్సరం మొదట కట్టినప్పటిది కావచ్చు, ముందు వసారా మార్చినప్పటిది కావచ్చు. పెంకు మీద అచ్చుపడిన సంవత్సరం చాలాసార్లు ఆ కంపెనీ స్థాపించినది, మీ ఇంటిది కాదు.

తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. ఫొటో వెనక "చిత్రభాను" అని ఉంటే అది 1882 కావచ్చు, 1942 కావచ్చు, 2002 కూడా కావచ్చు. ఏది అన్నది ఫొటో కాగితమే తేలుస్తుంది. 1942 అయితే ఆ ఏడు విశాఖకు మామూలు ఏడు కాదు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. పట్నం వదిలి జనం పల్లెలకు వెళ్లిపోయారు. కాబట్టి ఆ ఏటి ఫొటోలో ఉన్న ఇల్లు మీ కుటుంబం తలదాచుకున్న బంధువుల ఇల్లు కూడా కావచ్చు. దాన్ని సొంత ఇల్లనుకుని దస్తావేజులు వెతికితే ఏళ్లు గడుస్తాయి.

పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం రాసి ఉంటే 590 కలపండి. 1352 ఫసలీ అంటే 1942 జూలై నుంచి 1943 జూన్ వరకు.

అపోహ: కాగితంలో "విశాఖపట్నం జిల్లా" అని ఉంది కాబట్టి ఇక్కడే వెతకాలి.

పార్వతీపురాన్ని తీసుకోండి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలోది. ఆ తర్వాత శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం. ఇల్లు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరు మూడుసార్లు మారింది. 1936లో ఒరిస్సా ఏర్పడకముందు జయపురం కూడా విశాఖపట్నం జిల్లాలోనిదే. ఊరి పేరుతో వెతకండి.

అపోహ: పూర్వీకుల ఇల్లంటే తండ్రివైపు ఇల్లు.

ఈ ఒక్క అపోహ వల్ల సగం చరిత్ర పోతోందని నాకు బాధ. మన దగ్గర మొదటి పురుడు పుట్టింట్లోనే. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్న తల్లి ఫొటో ఎన్నోసార్లు అమ్మమ్మగారి ఇంటిది. దాన్ని తాతగారి ఇల్లని ఆల్బంలో రాసిపెట్టుకుంటారు, తర్వాత తరం అదే నమ్ముతుంది. ఆ బిడ్డ జనన నమోదు కూడా తల్లి పుట్టింటి ఊళ్లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఇల్లరికం, దత్తత ఉన్న కుటుంబాల్లో ఇంటిపేరు ఒక ఊరికి, ఇల్లు ఒక ఊరికి దారి చూపుతాయి. ఫొటో చేతికి రాగానే నేను మొదట అడిగేది తల్లివైపు ఊళ్ల పేర్లు.

అపోహ: కృత్రిమ మేధతో స్పష్టం చేయించుకుంటే చాలు.

ఆ పద్ధతి మసకగా ఉన్నచోట తనకు తోచింది గీస్తుంది. చెక్క కటకటాలు ఇనుప ఊచలవుతాయి, నేమ్ బోర్డు మీద లేని అక్షరాలు పుడతాయి, గూన పెంకు మంగుళూరు పెంకులా నునుపవుతుంది. గోడకు పెట్టుకోవడానికి రంగులు వేయించుకోండి, తప్పు లేదు. ఇంటిని వెతకడానికి మాత్రం అసలు ఫొటో స్కానే వాడాలి. చిన్న ప్రింటును కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), ముందూ వెనకా రెండూ స్కాన్ చేసి, ఆ ఫైలును మార్చకుండా దాచండి.

అపోహ: తడిగుడ్డతో తుడిచి, లామినేషన్ చేయిస్తే భద్రం.

దయచేసి చేయకండి. తడి తగిలితే బొమ్మే చెడుతుంది, లామినేషన్ చేస్తే మళ్లీ విడదీయలేం. మన సముద్రపు చెమ్మకు ఫొటోలు ఫ్రేము అద్దానికి అంటుకుపోతాయి. లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. అలా అంటుకున్నదాన్ని కదపకుండా, అద్దంతో సహా కెమెరాతో మళ్లీ ఫొటో తీయించండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ను వద్దు.

అపోహ: ఇల్లే పోయాక ఫొటోతో పనేముంది?

ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ అయిన ఊళ్ల కుటుంబాలు ఈ మాట అంటాయి. ఆ ఊళ్లలో గోడ ఆనవాలు కూడా లేని మాట నిజమే. కానీ భూసేకరణలో పరిహారం లెక్కగట్టడానికి ఇంటినీ, నూతినీ, చెట్లనూ విడివిడిగా నమోదు చేస్తారు. ఆ అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు) నకలు, ఫొటో పక్కపక్కన పెడితే కూలిపోయిన ఇంటిని కొలతలతో సహా కాగితం మీద మళ్లీ నిలబెట్టవచ్చు.

అలాంటి ఒక కుటుంబం ఎనభై దాటిన నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఫొటోలో ఎవరున్నారని మనవలు ఎన్నిసార్లు అడిగినా ఆమె తల అడ్డంగా ఊపుతోంది. "నుయ్యి ఎటు ఉండేదమ్మా?" అని అడిగాను. ఆమె చూపుడువేలితో నా బల్ల మీద గీయడం మొదలుపెట్టింది. ఇక్కడ నుయ్యి, ఇక్కడ పశువుల సాల, ఇటు పెద్దకోడలి గది. గీస్తూ గీస్తూ ఒకచోట వేలు ఆపి, "ఫొటో తీసినాయన ఇక్కడ నిలబడ్డాడు, నూతి గట్టు దగ్గర. నేను ఆయన వెనకే ఉన్నాను" అంది.