పండుగ దీపాలకు ఆజ్ఞలు మోసే తీగ

ప్రియమైన పిల్లలూ,

ఇంటి బయట దీపాలు పాటకు తగ్గట్టు వెలిగి ఆరేలా చేస్తామని మీరు పూనుకున్నందుకు సంతోషం. అయితే "లావుపాటి వైరు కొంటే సరిపోతుంది" అన్న ఆలోచన మానుకోండి. లావు కావలసింది బల్బులకు కరెంటు మోసే తీగకు. దీపాలను వెలిగించి ఆర్పే పెట్టెను కంట్రోలర్ అంటారు. దానికి ఆజ్ఞలు మోసే తీగలో పారే కరెంటు బహు తక్కువ. ఆ తీగలో చూడవలసింది మెలిక, అంటే లోపలి రెండు తీగలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఉండటం.

ఎందుకో చెబుతాను. చాలా దీపాల కంట్రోలర్లు ఆర్‌ఎస్-485 అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. రంగస్థలం దీపాలకు వాడే డీఎంఎక్స్-512 కూడా దాని మీదే నడుస్తూ సెకనుకు 2,50,000 బిట్లు పంపుతుంది. ఇందులో ఒకే సంకేతం రెండు తీగల మీద వెళ్తుంది. ఒకదానిలో వోల్టేజి పెరిగితే రెండోదానిలో తగ్గుతుంది. అందుకునే చిప్ ఆ రెండింటి మధ్య తేడానే చూస్తుంది. పడవలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరినీ అల ఒకేసారి పైకి లేపినా, వాళ్లలో ఎవరు పొడుగన్నది మారదు కదా! పక్కనున్న మోటారు పుట్టించే విద్యుత్ రొద కూడా రెండు తీగలకూ సమానంగా తగిలితే ఏ హానీ చేయదు. తీగలను మెలితిప్పేది ఆ సమానత్వం కోసమే. ఒక తీగ కాసేపు మోటారుకు దగ్గరగా ఉంటే, మరుమెలికలో రెండోది దగ్గరవుతుంది.

కాబట్టి లోపల మెలితిప్పిన తీగల జంటలుండే, కంప్యూటర్ నెట్‌వర్కులకు వాడే క్యాట్-5ఈ కేబుల్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. డీఎంఎక్స్‌కు 120 ఓమ్‌ల కేబుల్ అనుకూలం, ఇది 100 ఓమ్‌లది (వేగంగా మారే సంకేతానికి కేబుల్ ఎంత అడ్డు చూపుతుందో చెప్పే కొలత ఇది). ఆ తేడా ఇబ్బంది పెట్టదు. క్యాట్-6 కొన్నా తప్పులేదు గానీ, ఇంత తక్కువ వేగానికి అదనపు లాభమేమీ కనిపించదు. మెలిక లేని బల్లపరుపు టెలిఫోను తీగ మాత్రం వద్దు. చవకగా దొరికే కేబుళ్లలో కొన్నింటి లోపల రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. అది త్వరగా విరుగుతుంది, నిరోధం కూడా ఎక్కువ. తీగను కత్తితో కొంచెం గీకి చూడండి, తెల్లగా బయటపడితే కొనవద్దు.

ఇక ఎండావానల సంగతి. గదుల్లో వాడే కేబుల్ తొడుగు అతినీలలోహిత కిరణాలకు క్రమంగా పెళుసుబారి పగులుతుంది. బయటి వాడకానికి చేసిన నల్లటి పాలిథిలీన్ తొడుగులో కలిసిన కార్బన్ ఆ కిరణాలను పీల్చుకుంటుంది. పండుగ కాగానే విప్పేసే ఏర్పాటైతే మామూలు కేబుల్‌తో నెట్టుకురావచ్చు. ఏడాది పొడవునా ఉంచితే నల్లదే తీసుకోండి. మట్టిలో పూడ్చాలంటే లోపల జెల్ నింపి, పూడ్చడానికే తయారుచేసినది కావాలి.

నిజానికి కేబుల్ కంటే ముందు చెడేవి దాని చివరలు. కనెక్టర్‌లోకి నీరు చేరితే రాగి పచ్చబారుతుంది. కంట్రోలర్ పెట్టెలోకి తీగను కింది నుంచి పంపండి. లోపలికి వెళ్లేముందు దాన్ని కొంచెం కిందికి వేలాడనిస్తే, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. టేపు చుట్టేసి నిశ్చింతగా ఉండటం నాకు నచ్చదు, చొరబడిన నీరు బయటికి పోయే దారి ఉండదు.

వరుస తీరు కూడా ముఖ్యం. కేబుల్ ఒక కంట్రోలర్ నుంచి మరోదానికి గొలుసులా వెళ్లాలి, కొమ్మల్లా చీలకూడదు. చివరిదాని దగ్గర రెండు తీగల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. లేకపోతే సంకేతం చివరను తాకి వెనక్కి తిరిగి, తర్వాత వచ్చేవాటితో కలగలిసిపోతుంది.

ఒక ఉచ్చు గురించి హెచ్చరించాలి. ఆర్‌ఎస్-485 కంట్రోలర్లలో కొన్నింటికి నెట్‌వర్కు సాకెట్ లాంటిదే ఉంటుంది. ప్లగ్ సరిపోయింది కదా అని దాన్ని కంప్యూటర్ నెట్‌వర్కు సాకెట్‌కు కలపకండి. కొన్ని కంట్రోలర్లు ఆ తీగల్లో కరెంటు కూడా పంపుతాయి, అవతలి పరికరం కాలిపోవచ్చు.

డబ్ల్యూఎస్2811 అనే చిప్ వాడే పిక్సెల్ దీపాల (ఒక్కోదాని రంగును విడివిడిగా మార్చగలిగేవి) లెక్క వేరు. వాటికి సంకేతం ఒకే తీగ మీద వెళ్తుంది, తేడా చూసే ఏర్పాటు లేదు. అందుకే కంట్రోలర్‌ను మొదటి దీపానికి కొద్ది మీటర్లలోనే ఉంచి, కంప్యూటర్ నుంచి అక్కడిదాకా ఈథర్‌నెట్ (కంప్యూటర్ నెట్‌వర్కు) కేబుల్ లాగండి; ఇందుకు నిజంగా ఈథర్‌నెట్‌తో పనిచేసే కంట్రోలరే కావాలి. దానికి 100 మీటర్ల వరకు అనుమతి ఉంది.

సంకేతాల తీగను ఇంటి కరెంటు తీగతో ఒకే గొట్టంలో పంపవద్దు. రెండూ ఎదురుపడక తప్పని చోట ఒకదాన్ని మరోదాని మీదుగా అడ్డంగా దాటించండి. కరెంటు సరఫరా వైపు పని పెద్దవాళ్లతో చేయించుకోండి. అన్నీ తగిలించేముందు ప్రతి కేబుల్‌కు రెండు చివరలా ఒకే అంకె రాసిన చీటీ అంటించండి, చీకట్లో ఏది ఎక్కడిదో వెతుక్కునే పని తప్పుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య